ఏ దోమ కుట్టి సచ్చాడని రాయాలి?

మా ఇంట్లో పట్టాలానికి పోయినవాడు ఒక్కడే. మా తాతకి తమ్ముడు, నాకు చిన్నతాత. 1942లో పోయాడు. 1945 చలికాలంలో తిరిగొచ్చాడు. 1946 ఉగాది రాకముందే సచ్చిపోయాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండని మా నాయనమ్మ అనేది, ఇరవై మూడని మా తాత అనేవాడు. పుట్టిన తేదీ రాసిపెట్టుకునే ఇల్లు కాదు మాది.

'సచ్చిపోయాడు' అనే రాస్తున్నాను. 'మరణించాడు' అనో 'కన్నుమూశాడు' అనో రాయటం నాకూ వచ్చు. పేపర్లలో, స్థూపాల మీద ఇంకా పెద్ద మాటలుంటాయి. వీరమరణం, అమరత్వం, ప్రాణత్యాగం. ఆ మాటల్లో ఒక్కటి కూడా మా మాదిగపల్లె దాకా రాలేదు. మా నాయనమ్మ నోట్లో ఉన్న మాట "ఆడు జొరమొచ్చి సచ్చాడురా" అనేదే. ఊళ్ళోనూ అదే మాట. మిలిట్రీవాడు జొరమొచ్చి సచ్చాడు. ఆ వాక్యంలో యుద్ధం లేదు.

నాకున్న పేచీ ఆ వాక్యంతోనే. గుండు తగిలి పడిపోయినవాడు యుద్ధంలో చచ్చినట్టు. మరి యుద్ధం పంపిన అడవిలో జొరం తగిలించుకుని, ఆ జొరాన్ని ఒంట్లో పెట్టుకుని ఇంటికొచ్చి, మా పూరింట్లో నులకమంచం మీద చచ్చినవాడు? వాడిది యుద్ధం చావా, ఇంటి చావా? చావుకి కారణం ఎక్కడ మొదలవుతుంది? ఆ లెక్క తేల్చే అధికారం ఎవరికుంది? చదువుకున్న నాటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మా వాడలో ఇట్లాంటి చావులు ఆయనొక్కడివే కావు గనక.

అసలెందుకు పోయాడో ముందు చెప్పాలి. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఈ దేశంలో ఎవరినీ అడక్కుండా మనమూ యుద్ధంలో ఉన్నామని ప్రకటించాడు. మమ్మల్ని అడగలేదని కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. న్యాయమే. కానీ మా చిన్నతాతని మాత్రం అడిగారు. ఒంగోలు సంతలో రిక్రూటింగు వాళ్ళు ఎత్తు కొలిచారు, ఛాతీ కొలిచారు, "వస్తావా?" అన్నారు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆయన్ని ఎవరూ "వస్తావా" అని అడిగి ఎరగరు. "రారా" అనేవాళ్ళు.

ఆసామి దగ్గర పాలేరు. తెల్లారకముందే దొడ్లో పేడెత్తాలి. గొడ్డు చస్తే మొయ్యాలి. మా తాత లంద దగ్గర తోలు పదును చేస్తుంటే, తంగేడు చెక్క దంచేది మా నాయనమ్మ. ఇద్దరన్నదమ్ములకీ కలిపి ఒక పంచె మంచిది. ఎవరు పెళ్ళికి పోతే వాళ్ళు కట్టుకోవాలి. పట్టాలంలో నెలకి ఇరవై రూపాయల లోపే జీతం, గానీ రెండు జతల గుడ్డలు, బూట్లు, మూడు పూటలా తిండి. 1939లో రెండు లక్షలున్న ఇండియన్ ఆర్మీ 1945 నాటికి 25 లక్షలయిందని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. బలవంతం లేకుండా, ఇష్టపడి చేరిన సైన్యాల్లో ప్రపంచంలో అంత పెద్దది ఇంకోటి లేదని కూడా ఉంటుంది. ఇష్టపడి! ఆకలిని పక్కన నిలబెట్టి ఇష్టమేనా అంటే ఎవడు కాదంటాడు?

అంతకుముందు సంగతి కూడా ఒకటుంది. కంపెనీ రోజుల్లో మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్, ఆయన వెనకాలే ఇంకొందరు, యుద్ధజాతులని కొన్ని కులాలకి ముద్రవేసి దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని తేల్చారు. 1892లో మహర్లని సైన్యంలోకి తీసుకోవటం ఆపేశారు. పనికిరాని జాతులు యాభై ఏళ్ళ తర్వాత, యుద్ధం వచ్చేసరికి, ఒక్కసారిగా పనికొచ్చాయి. 1941లో మహర్ రెజిమెంటు లేచింది. 1943లో చమార్ రెజిమెంటు లేచింది, 1946లో దాన్ని రద్దు చేశారు. మూడేళ్ళ పౌరుషం. మా జిల్లా మాల మాదిగలకి ఆ మాత్రం పేరున్న రెజిమెంటు కూడా రాలేదు. మా చిన్నతాతకి వచ్చింది పయనీర్ కంపెనీ. చేతికి తుపాకీ ఇచ్చారో లేదో నాయనమ్మకి తెలీదు. గడ్డపార మాత్రం ఇచ్చారు. రోడ్డు వెయ్యటం, రాళ్ళు కొట్టటం, మూటలు మొయ్యటం. మోసే పని మోసేవాడికే వచ్చింది.

ఒక్కటి మాత్రం మారింది. ఇంట్లో ఒక పేరు, చర్చిలో బాప్తిస్మం పేరు, ఊళ్ళో చివర 'గాడు' తగిలించిన పేరు, ఇట్లా ఆయనకి మూడు పేర్లుండేవి. పట్టాలం గుమాస్తా ఆ మూడింట్లో ఏదో ఒకటి తనకొచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. అందులో 'గాడు' లేదు. అది చాలు మా తాతకి. తమ్ముణ్ణి సర్కారు గాడు లేకుండా పిలుస్తుందని వాడంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు వెతుకుదామంటే ఆ మూడు పేర్లలో ఏది రాశారో తెలీక నేను అవస్థ పడుతున్నాను. అది వేరే కత.

డబ్బు వచ్చేది. పోస్టు బంట్రోతు మాదిగపల్లెలోకి రాడు. చింతచెట్టు కింద నిలబడి కేకేస్తాడు. ఊళ్ళో పెద్దమనిషొకడు వచ్చి సాక్షి సంతకం పెడితేగానీ మనియార్డరు చేతికి రాదు. సంతకానికి ఒక రూపాయి. యుద్ధం అట్లా మా ఊరి పెద్దమనిషికి కూడా నెలకో రూపాయి సంపాదించి పెట్టింది.

ఆయన పనిచేసిన చోటు పేరు మా నాయనమ్మకి 'మణిపురం రోడ్డు' అని గుర్తు. చాలాకాలం మణిపూర్లో ఏదో రోడ్డు అనుకున్నాను. చివరికి తెలిసింది, దీమాపూర్ రైల్వే స్టేషనుకి ఆ రోజుల్లో 'మణిపూర్ రోడ్' అని పేరు. ఇంఫాల్ పోయేవాళ్ళు రైలు దిగేది అక్కడే. అక్కణ్ణించి కొహిమా మీదుగా ఇంఫాల్ పోయే కొండరోడ్డే ఆ సైన్యానికంతటికీ గొంతు. 1942లో జపాను వాడు రంగూన్ పట్టుకున్నాక, అక్కడ రేవుల్లో, మిల్లుల్లో కూలి చేసుకుంటున్న గోదావరి, విశాఖ జిల్లాలవాళ్ళు పిల్లాజెల్లాతో ఎంతోమంది కాలినడకన వెనక్కి వచ్చింది కూడా ఆ దారినే. వాళ్ళలో దారిలో రాలిపోయినవాళ్ళకి లెక్క లేదు. ఆ ఏడాదే మా చిన్నతాత అదే దారికి రాళ్ళు కొట్టటానికి బయల్దేరాడు.

ఇక జొరం సంగతి. ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ విలియం స్లిమ్ తన జ్ఞాపకాల పుస్తకంలో ఒక లెక్క రాశాడు. 1943లో గాయపడి వెనక్కి పంపినవాడు ఒకడైతే, జబ్బుపడి వెనక్కి పంపినవాళ్ళు 120 మంది. ఆ ఏడాది మలేరియా కేసులు మొత్తం బలగంలో నూటికి 84. ఈ లెక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఒకడికి 120 మంది. యుద్ధమంటే మనం సినిమాల్లో చూసేది ఆ ఒక్కణ్ణి. శిల్పులు బొమ్మ చేసేది ఆ ఒక్కణ్ణి. మిగతా 120 మంది విరేచనాలతో, చలిజొరంతో, పురుగు కరిచిన టైఫస్‌తో, గుడారాల్లో పడి ఉన్నారు. అంటే యుద్ధం అసలు రూపం జబ్బు. గుండు దెబ్బే అరుదైన సంగతి. అరుదైనదానికి గుర్తింపు వచ్చింది, అసలుదానికి రాలేదు.

మలేరియాకి అప్పటిదాకా మందు క్వినైన్. ప్రపంచానికి కావలసిన క్వినైన్‌లో నూటికి తొంభై వంతులు జావా దీవి నించి వచ్చేది. 1942 మార్చిలో జావా జపాను చేతికి పోయింది. అప్పుడు మెపాక్రిన్ అనే పచ్చ మాత్ర వచ్చింది. రోజూ మింగాలి. మింగితే ఒళ్ళు పచ్చబడుతుంది. మగతనం పోతుందని పుకారు పుట్టింది, సిపాయిలు మాత్ర నోట్లో వేసుకుని ఉమ్మేసేవాళ్ళు. స్లిమ్ ఊరుకోలేదు. ఉన్నపాటున దండుల్లో తనిఖీలు చేయించాడు. మాత్రలు సరిగా మింగించని ముగ్గురు కమాండింగ్ అధికారులని ఉద్యోగాల్లోంచి తీసేశాడు. ఇట్లా సైన్యం మలేరియాని లొంగదీసింది. గొప్ప విజయమే, ఒప్పుకుంటాను.

కానీ ఆ మాత్ర ఏం చేస్తుందో చూడండి. మలేరియాలో రకాలున్నాయి. వైవాక్స్ అనే రకం క్రిమి నెత్తుట్లోంచి పోయినా కాలేయంలో నిద్రపోతుంది. నెలలు గడిచాక లేచి మళ్ళీ జొరం తెస్తుంది. మెపాక్రిన్ నెత్తుట్లో క్రిమిని చంపుతుంది, కాలేయంలో నిద్రపోయేదాని జోలికి పోదు. మాత్ర మింగినన్నాళ్ళూ మనిషి లేచి తిరుగుతాడు, గడ్డపార పడతాడు. మాత్ర ఆగిందా, కొన్నాళ్ళకి జొరం లేస్తుంది. కాలేయంలో నిద్రపోయే క్రిమిని శాస్త్రజ్ఞులు కళ్ళారా చూసింది 1980లలో. కానీ మాత్ర మానేస్తే జొరం తిరగబెడుతుందని సైన్యం డాక్టర్లకి ఆ రోజుల్లోనే తెలుసు.

1945లో మా చిన్నతాతని 'అన్‌ఫిట్' అని కాయితం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. రోల్లోంచి పేరు కొట్టేశారు. పేరుతో పాటు మాత్ర కూడా ఆగింది. మాత్ర ఆయన కోసం ఇవ్వలేదు, రోడ్డు కోసం ఇచ్చారు. ఎద్దుకి చిట్టు పెట్టేది దుక్కి కోసమైనట్టు.

ఒంగోలు స్టేషన్ నించి ఎడ్లబండి మీద తెచ్చారు. మా ఊళ్ళో ఆసాముల వీధిలో మావాళ్ళు చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిన రోజులవి. ఆ చెప్పులు కుట్టేది మేమే, ఆ వీధిలో వేసుకోకూడనిదీ మేమే. చిన్నతాత బండిలో వెల్లకిలా పడుకుని, కాళ్ళకి బూట్లతో ఆ వీధి గుండా వచ్చాడు. పడుకున్న మాదిగోడి కాళ్ళకి బూట్లుంటే తప్పో ఒప్పో ఊళ్ళో ఎవరికీ చప్పున తెలిసినట్టు లేదు. ఎవరూ ఏమీ అనలేదు. మా తాతకి ఆ బండి రావటం చచ్చేదాకా గుర్తుంది.

నాయనమ్మ చెప్పేది: "ఒళ్ళంతా పసుపు పూసినట్టుండాడురా. పెళ్ళికొడుకుని చేసి పంపారేందిరా అనుకున్యా. కళ్ళు చూస్తే లోపలికి పోయుండాయి. వదినా, సలి అన్నాడు. ఎర్రటెండలో సలేందిరా అన్యా." పచ్చగా ఉన్నాడు గనక పసకలన్నారు. నేలుసిరి పసరు పోశారు. కడుపులో బల్ల పెరిగిందన్నారు, కాల్చి వాతలు పెట్టారు. ఆ పచ్చదనం మాత్రదని చెప్పేవాడు ఎవడున్నాడు మా పల్లెలో? పట్టాలం డాక్టరు రాసిన కాయితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చదివించుకోటానికి మా తాత ఊళ్ళోకి పోతే చదువుకున్నాయన "జబ్బుమనిషని రాశార్లే" అన్నాడట. అది తెలుసుగదా మాకు. క్వినైన్ దొరకలేదు. పైన ఆకలి. మూడోరోజుకి మూడోరోజుకి జొరం లేచేది. నెత్తురు విరిగిపోయి పెదాలు సున్నంలాగా తెల్లబడ్డాయి. మూడు నెలలు. అంతే.

ఆయన పోయాక మా తాత ఆ బూట్లు విప్పి చూశాడు. పనివాడు గదా. తోలు ఎన్ని పొరలు వేశారు, కుట్టు ఎట్లా తీశారు, అడుగున మేకులు ఎట్లా దిగ్గొట్టారు అని ఒక పూటంతా విప్పుతూనే కూర్చున్నాడట. ఏడవలేదట. తర్వాత ఆ తోలు ఆసామి కపిల బానకి అతుకు పడింది. అదొక్కటే ఆయన తాలూకు సర్కారు వస్తువు. కాయితాలు ఇంట్లో చూరులో వెదురుగొట్టంలో ఉండేవి. తర్వాతెప్పుడో పల్లె తగలబడినప్పుడు పోయాయి.

ఇప్పుడు నా ప్రశ్నకి వస్తాను. మా వైపు మలేరియా కొత్త కాదు. చెరువుంది, మురుగుంది, దోముంది. పట్టాలానికి పోని వాళ్ళు కూడా చలిజొరంతో చచ్చారు. కాబట్టి ఎవరైనా అడగొచ్చు, మీ చిన్నతాతని కుట్టింది దీమాపూర్ దోమేనని ఏంటి రుజువు, మీ చెరువుగట్టు దోమ కాకూడదా అని. అడిగారు కూడా. మా మేనల్లుడు పద్దెనిమిదేళ్ళు ఆర్మీలో చేసొచ్చినవాడు. వాడే అన్నాడు: "మావా, సర్వీసు వల్ల వచ్చిన జబ్బని రుజువు కావాల. బోర్డు ముందు అదే అడుగుతారు. ఏ దోమ కుట్టిందో యాడ తెస్తావు?"

1897 ఆగస్టు 20న మన సికిందరాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా లెక్కన ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఏ దోమ ఎవర్ని కుట్టిందో లెక్కపెట్టి, కుట్టించుకున్నవాడికి కూలి ఇచ్చింది నాకు తెలిసి ఆ ఒక్కసారే. అక్కర ఉన్నప్పుడు దోమనీ లెక్కపెడతారు. అక్కర తీరాక మనిషిని కూడా లెక్కపెట్టరు. రుజువు దొరకదనేది ప్రకృతి నియమం కాదు, ఎవరి అవసరం అనే ప్రశ్న.

బ్రిటిషువాళ్ళ యుద్ధ సమాధుల సంఘం 1917లో పుట్టింది. హోదా, జాతి, మతం భేదం లేకుండా చచ్చిన ప్రతి సైనికుడి పేరూ నిలపాలనేది దాని సూత్రం. మంచి సూత్రం. 2021 ఏప్రిల్‌లో ఆ సంఘమే ఒక నివేదిక బయటపెట్టి, మొదటి యుద్ధంలో చచ్చిన ఆఫ్రికా, ఆసియా, మధ్యప్రాచ్యం వాళ్ళలో తక్కువలో తక్కువ 1,16,000 మందిని, ఎక్కువలో ఎక్కువ మూడున్నర లక్షల మందిని పేరుతో గుర్తించలేదని, కొందర్నయితే అసలే గుర్తించలేదని ఒప్పుకుంది. బ్రిటన్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నూరేళ్ళు పట్టింది. రెండో యుద్ధానికి వాళ్ళ నియమం ఏమంటే, 1939 సెప్టెంబరు 3 నించి 1947 డిసెంబరు 31 లోపల సర్వీసులో ఉండి ఏ కారణం చేత చచ్చినా యుద్ధమృతుడే. కాలు జారి బావిలో పడినా సరే. కానీ సర్వీసులోంచి పంపేశాక చస్తే, ఆ చావు సర్వీసు వల్లేనని చూపించాలి.

అంటే మా చిన్నతాత ఆ మూడు నెలలూ దీమాపూర్ ఆస్పత్రిలో పడి ఉండి చచ్చుంటే ఆయన పేరు రాతిమీద ఉండేది. అదే మనిషి, అదే క్రిమి, అదే జొరం. మంచం మారింది, అంతే. జబ్బుపడ్డవాణ్ణి పని కాడే చావనిస్తే లెక్కకొస్తాడు, ఇంటికి తోలేస్తే రాడు. మా వాళ్ళకి ఈ నీతి బాగా తెలుసు. క్వారీలో ఊపిరితిత్తుల్లోకి రాతిదుమ్ము పోయిన కూలీని మేస్త్రీ ఏం చేస్తాడు? ఇంకో నెలలో పడిపోతాడనగా లెక్క తేల్చి ఊరికి పంపిస్తాడు. వాడు ఊళ్ళో చస్తాడు. దగ్గొచ్చి చచ్చాడంటారు. మ్యాన్‌హోల్లో దిగి చచ్చినవాళ్ళకి 1993 నించీ లెక్కగట్టి పది లక్షలివ్వమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. లోపల చచ్చినవాడికి. పదేళ్ళు దిగీ దిగీ, పైకొచ్చి, ఇంట్లో దగ్గి దగ్గి చచ్చినవాడి సంగతేంది?

2018లో నేను దీమాపూర్‌లో రైలు దిగి కొహిమా పోయాను. కొండవాలు మీద, ఒకప్పుడు దొర టెన్నిస్ ఆడుకున్న చోట, సమాధులు. గడ్డి దువ్వినట్టుంది. దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు 917, ఒక చోట చెక్కారు. అన్నీ చదివాను. మా ఆయన పేరు ఉండదని తెలుసు. అయినా చదివాను, ముగ్గురు నలుగురి పేర్ల దగ్గర ఆగి మళ్ళీ చదివాను. ఢిల్లీలో ఇండియా గేటు మీద ఉన్న పదమూడు వేల పైచిలుకు పేర్లు మొదటి యుద్ధం నాటివి, 1919లో అఫ్గాన్ల మీద చేసినదానివి. 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నవి స్వతంత్రం వచ్చాక చచ్చినవాళ్ళవి. రెండింటి మధ్య ఒక కాలం జారిపోయింది. ఆ రెండో యుద్ధంలో చచ్చిన భారతీయులు 87 వేలకి పైగా అంటారు. వాళ్ళు మనవాళ్ళు కారు, తెల్లవాళ్ళ కూలీలు.

ఈ మాట నాతో అన్నది ఒక మార్క్సిస్టు మిత్రుడు. "సామ్రాజ్యవాద సైన్యంలో కిరాయికి పోయినవాడు మీ తాత. అతనికి స్మారకం ఎందుకయ్యా?" అన్నాడు. 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాక మీ పార్టీకి కూడా అదే యుద్ధం ప్రజాయుద్ధమయింది గదా అన్నాను. నవ్వాడు. నవ్వి వదిలేసే సంగతి కాదు. కిరాయికి పోయాడు, నిజమే. మావాళ్ళు ఏ పనికి నమ్మకంతో పోయారు? ఆసామి పొలంలో నాటేసే ఆడకూలిని నీకు ఈ ఆసామి ఆస్తి పెరగటం ఇష్టమేనా అని ఎవరైనా అడిగారా? పాము కరిచి ఆమె చస్తే, కూలికోసమే వచ్చింది గనక నష్టపరిహారం లేదంటారా? నమ్మకం ఉన్నవాడి చావుకే విలువ అంటే, నమ్మకం పెట్టుకునే తీరిక ఉన్నవాళ్ళ చావుకే విలువ అన్నమాట.

మా ఊళ్ళో ఒక పెద్ద ఆసామి కొడుకు 1942 ఆగస్టు ఉద్యమంలో జైలుకి పోయాడు. ఏడెనిమిది నెలలున్నాడు. 1972లో ఆయనకి తామ్రపత్రమిచ్చారు, పింఛనిచ్చారు. ఆయన త్యాగాన్ని నేను తక్కువ చెయ్యను. జైలు జైలే. ఆ పింఛనుకి ఆర్నెల్లు జైల్లో ఉండాలి, ఆడవాళ్ళయితే, దళితులయితే మూడు నెలలు చాలని నియమం. దయగల నియమమే. మా చిన్నతాత మూడేళ్ళు అడవిలో, మూడు నెలలు మంచంలో ఉన్నాడు. వేరే వరస. ఇద్దరూ ఒక్క ఏడాదే ఊరు విడిచారు. ఒకాయన ఏం వదులుకున్నాడో ఊళ్ళో అందరికీ కనపడింది. ఇంకొకడికి వదులుకోటానికి ఏముందని అనుకున్నారు.

దళిత మిత్రులు కొందరు ఇంకో దోవ చూపిస్తారు. కోరేగావ్ స్తంభం చూడు అంటారు. 1818 జనవరి 1 నాటి యుద్ధంలో చచ్చినవాళ్ళ పేర్లలో 22 మహర్లవి. అంబేడ్కర్ 1927 జనవరి 1న అక్కడికి పోయి మొక్కాడు. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆ స్తంభాన్ని కంపెనీవాడు కట్టింది తన గెలుపుకి గుర్తుగా. అంబేడ్కర్ దాన్ని తన జనం పౌరుషానికి గుర్తు చేశాడు. అది గొప్ప మలుపు. లక్షలమంది తలెత్తుకున్నారు. కానీ అక్కడ కూడా నాకొక ములుకు గుచ్చుకుంటుంది. ఆ పేర్లు కత్తికి ఎదురు నిలిచినవాళ్ళవి. మా చిన్నతాత ఎదురు నిలిచింది దేనికి? దోమకి. ఆయన్ని వీరుణ్ణి చేసి ఊరేగించాలంటే నేను అబద్ధమాడాలి. చేతిలో తుపాకీ పెట్టాలి, గుండెలో దేశభక్తి పెట్టాలి. ఆడను. మన చావులు గౌరవం పొందాలంటే ముందు వీరత్వపు పరీక్ష రాసి పాసు కావాలా? వీరుడు కాని మాదిగ చస్తే అది చావు కాదా? 'పనికిరాని జాతి' అన్నవాడికి 'కాదు, మేం వీరులం' అని జవాబు చెప్పటం ఒక కాలానికి అవసరమే. కానీ ఆ జవాబు వాడి తక్కెడలోనే తూగుతుంది.

నాకు స్తంభం అక్కర్లేదు. చావుకి కారణం అన్న గడిలో నిజం రాయాలి. జొరం అని కాదు. యుద్ధంలో పనికి తీసుకెళ్ళి, పని అయ్యాక మందు ఆపేసి పంపినందువల్ల తిరగబెట్టిన జొరం అని. పొడుగ్గా ఉంటుంది, తెలుసు. గడి సరిపోకపోతే గడి పెంచుకోమనండి. మేము ఇన్నాళ్ళూ గడికి సరిపోయేట్టు కుదించుకుని చచ్చాం.

ఆయన భార్య గురించి కూడా ఒక మాట. పెళ్ళయిన ఏడాదికే ఆయన పట్టాలానికి పోయాడు. పోయినప్పుడు ఆమెకి పదహారో పదిహేడో. ఆయన సచ్చిన రెండేళ్ళకి ఆమెకి మారుమనువు చేశారు. మా కులంలో అది తప్పు కాదు, పైకులాలవాళ్ళు సంస్కరణ అని పుస్తకాలు రాసుకున్నది మా పల్లెల్లో మామూలు. మంచి పనే చేశారు, ఆమె పిల్లల్ని కంది, ముసలిదయి పోయింది. కానీ యుద్ధ వితంతువు అనే మనిషి మా ఇంట్లో మిగల్లేదు. తెల్లచీర కట్టుకుని ఫోటో పట్టుకుని కూర్చునే ఆడమనిషి ఉంటే తప్ప చచ్చినవాడు గుర్తుండడు ఈ దేశానికి. మా ఇంట్లో ఫోటో కూడా లేదు.

గుర్తుపెట్టుకున్నది వదిన. మా నాయనమ్మ. ఆమె 1994లో పోయింది. జొరం బాగా లేచినప్పుడు చిన్నతాత మంచంలోనే బిగుసుకుని, చేతులు పక్కకి పెట్టుకుని, గట్టిగా ఏదో అరిచేవాడట. ఆమెకది దయ్యం పలకటమనిపించింది. నిమ్మకాయలు దిగదీశారు, పాస్టరుతో ప్రార్థన కూడా చేయించారు. రోజుల తరబడి వినీ వినీ ఆ అరుపు ఆమె నోటికి వచ్చేసింది. నేను ఇంటర్మీడియట్‌లో ఉండగా ఒకరోజు తంగేడు పుల్లలు విరుస్తూ అదే అరిచి చూపించింది. "సాత్, దో, ఆట్... ఇంకా ఏందో ఉండాయిరా, అయ్యి పోయినయ్. ఏం బాస అది?" అంది. హిందీ నాయనమ్మా అన్నాను. ఏడు, రెండు, ఎనిమిది. ఆయన సర్వీసు నంబరు. పేరు అడిగినవాడెవడో ఎదురుగా ఉన్నట్టు, పేరు చెప్పకుండా నంబరు చెప్పేవాడు.

పోయిన ఏడాది ఒక కార్యాలయానికి ఉత్తరం రాశాను. జవాబు మర్యాదగానే వచ్చింది. పేరు, తండ్రి పేరు, యూనిట్, సర్వీసు నంబరు, వైద్యుడి ధ్రువపత్రం పంపమన్నారు. కూడా ఒక ఫారం పెట్టారు. పేరు దగ్గర మూడు పేర్లూ రాశాను, ఊళ్ళో పిలిచేది మాత్రం 'గాడు' తీసేసి. ఊరు దగ్గర పాత తాలూకా, పాత జిల్లా రాశాను. నంబరు గడిలో ఏడు, రెండు, ఎనిమిది వేసి, ఆ పక్కన చుక్కలు పెట్టాను. వైద్యుడి ధ్రువపత్రం అన్నచోట వదిన చెప్పింది అని రాసి, ఆమె చెప్పిందంతా విడి కాయితం మీద తెలుగులోనే రాసి జతచేశాను.